మంత్రసాని చేతికి గ్రాంటు రాలేదు

(వాడ నుంచి చరిత్ర – 14వ భాగం)



పోయిన భాగం చదివిన ఒక నర్సింగ్ విద్యార్థిని నన్నొక ప్రశ్న అడిగింది. "అన్నా, వైద్యం చరిత్రలో మనవాళ్లు ఎక్కడున్నారు? రోగులుగానే ఉన్నారా, ఇంకేమైనా ఉన్నారా?"

జవాబు మా ఇంట్లోంచే మొదలుపెడతాను.

మా అమ్మమ్మ మంత్రసాని. ప్రకాశం జిల్లాలో ఒక మాదిగవాడ. ఊళ్లో ఏ ఇంట్లో నొప్పులొచ్చినా, ఎంత రాత్రైనా, లాంతరు పట్టుకుని మనిషి వచ్చేవాడు. దొడ్డిదారిన లోపలికి తీసుకెళ్లేవాళ్లు. బిడ్డ భూమ్మీద పడి, బొడ్డు కోసేదాకా ఆమె చెయ్యి కావాలి. మాయ పాతిపెట్టి, నెత్తురు గుడ్డలు ఉతికేశాక ఆమె మళ్లీ అంటరానిదే. ఆమె కూర్చున్న చోట పేడనీళ్లు చల్లి శుద్ధి చేసుకునేవాళ్లు. కూలి అంటే చేటలో బియ్యం, ఒక పాత చీర. ఆ ఊళ్లో రెండు తరాల పిల్లలు మొట్టమొదట తగిలింది మా అమ్మమ్మ చేతినే. పెరిగి పెద్దయ్యాక ఆ చేతి నీళ్లు తాగలేదు.

ఆమెకు అక్షరం రాదు. కానీ బిడ్డ అడ్డం తిరిగిందని కడుపు మీద చెయ్యి పెట్టి చెప్పేది. "ఇది నా చేతిలో లేదు, బండి కట్టి ఒంగోలు తీసుకుపోండి" అని ఎప్పుడు అనాలో తెలుసు. వైద్యంలో అతి పెద్ద చదువు అదే కదా, తనవల్ల కానిదేదో తెలియడం. ఆ చదువుని ఎవరూ చదువు అనలేదు. అది కులవృత్తి. అదే పని ఒక డాక్టరు గారు ఒక పల్లెలో నలుగురు ఆడవాళ్లకు నేర్పిస్తే దానికి "ప్రయోగం" అని పేరు. దానికి గ్రాంటు వస్తుంది, పత్రిక వస్తుంది, అవార్డు వస్తుంది.

డాక్టర్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లలో కొందరు నిజంగా గొప్ప పని చేశారు, అది కూడా చెబుతాను. నా ప్రశ్న వేరు. పల్లె ఆరోగ్యంలో కొత్త ఆలోచనల్ని పరీక్షించడానికి స్వచ్ఛంద సంస్థలకు చిన్న చిన్న గ్రాంట్లు ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. యాభై ఏళ్లకు పైగా మన దేశంలో నడుస్తోంది. ఈరోజు మన వాడలకు వచ్చే ఆశా అక్క దాకా ఆ దారి ఉంది. ఆ దారిలో ఆలోచన ఎవరి పేరు మీద నమోదైంది? చేతులు ఎవరివి? పరీక్ష నెగ్గాక ఎవరికి ఏం మిగిలింది?

గ్రాంటు లేని రోజుల్లో

ముందు ఒక మాట. మన చరిత్రలో పల్లె ఆరోగ్యం గ్రాంటుతో మొదలు కాలేదు.

1896–97లో ప్లేగు బొంబాయి నుంచి పూనాకు పాకింది. జనం ఇళ్లొదిలి పారిపోతున్నారు. అప్పటికి జోతిబా ఫూలే చనిపోయి ఆరేళ్లు దాటింది. సావిత్రీబాయి వయసు అరవై ఐదు దాటింది. డాక్టరైన పెంపుడు కొడుకు యశ్వంత్‌ను పిలిపించి, పూనా బయట పొలాల్లో ప్లేగు రోగులకు చికిత్స శిబిరం పెట్టించింది. ప్లేగు సోకిన ఒక మహర్ పిల్లాణ్ని తన వీపు మీద మోసుకుని ఆ శిబిరానికి తెచ్చింది. ఆ రోగమే ఆమెకూ అంటుకుంది. 1897 మార్చి 10న చనిపోయింది.

సావిత్రీబాయిని మనం టీచరుగా గుర్తుపెట్టుకుంటాం. మంచిదే. కానీ ఆమె పల్లె ఆరోగ్య కార్యకర్తగా చనిపోయింది. ఆ శిబిరానికి ఎవరూ నిధి ఇవ్వలేదు, ఎవరూ నివేదిక అడగలేదు. అంటరాని పిల్లాణ్ని ఎవరు ముట్టుకుంటారు అన్నదే ఆరోజు అసలు వైద్య ప్రశ్న. ఈ వ్యాసం చివరి దాకా ఆ ప్రశ్నను పక్కనే పెట్టుకోండి.

జామ్‌ఖేడ్

1970. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ జిల్లా, ఇప్పుడు దాని పేరు అహిల్యానగర్. కరువు ప్రాంతం. రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే అనే డాక్టర్ దంపతులు అక్కడ జామ్‌ఖేడ్‌లో సమగ్ర గ్రామీణ ఆరోగ్య ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఇద్దరూ వెల్లూరు సీఎంసీలో చదివారు, తర్వాత అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివారు. జెనీవాలో ప్రపంచ చర్చిల మండలి కింద 1968లో క్రిస్టియన్ మెడికల్ కమిషన్ అని ఒకటి ఏర్పడింది. పెద్ద పెద్ద మిషన్ ఆసుపత్రులు కట్టడం కాదు, ఊళ్లలో రోగం రాకుండా ఏం చేయొచ్చో చూడాలి అన్నది దాని ఆలోచన. అలాంటి చోట్ల నుంచి వచ్చిన మద్దతుతో జామ్‌ఖేడ్ నిలబడింది.

మొదట వాళ్లు నర్సుల్ని ఊళ్లకు పంపారు. పని జరగలేదు. బయటినుంచి వచ్చిన ఒంటరి ఆడపిల్ల మాట ఊరు వినదు, ఆ అమ్మాయికీ ఊళ్లో భయం. అప్పుడు ఊరి ఆడవాళ్లనే ఎంచుకోమన్నారు. అలా వచ్చినవాళ్లలో చాలామందికి చదువు లేదు. చాలామంది దళిత స్త్రీలు. వితంతువులు ఉన్నారు, మొగుళ్లు వదిలేసినవాళ్లు ఉన్నారు. వారానికోసారి జామ్‌ఖేడ్ వచ్చి నేర్చుకుని, ఊరికి తిరిగెళ్లి చేయాలి. శిక్షణలో అన్ని కులాల ఆడవాళ్లూ కలిసి తినాలి, కలిసి పడుకోవాలి. కాన్పు చేయడం, పిల్లల బరువు తూచడం, విరేచనాలకు ఉప్పు పంచదార నీళ్లు కలిపి తాగించడం, కుష్ఠు, క్షయ గుర్తుపట్టడం. అన్నీ కళ్లతో చూసి, చేతులతో చేసి నేర్చుకున్నారు.

అప్పుడు కరువు. తాగునీటి బోర్లు వేయాలి. ఎక్కడ వేయాలన్నది నేల కింది నీటి ప్రశ్నే కాదు, నేల మీది కులం ప్రశ్న. జామ్‌ఖేడ్ వాళ్లు చాలా బోర్లు దళితవాడల్లోనే పడేలా చూశారు. నీళ్లు కావాలంటే ఊరు వాడలోకి రావాలి. మహద్ చెరువు సంగతి తెలిసిన మనకు దీని అర్థం వేరే చెప్పాలా?

మొదలుపెట్టినప్పుడు ఆ ఊళ్లలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఏడాది నిండకుండా చనిపోయేవాళ్లు 176 మంది అని ప్రాజెక్టు లెక్క. ఆ తర్వాతి పాతికేళ్లలో అది ముప్పైకి లోపు దిగింది. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన ఒక పుస్తకంలో జామ్‌ఖేడ్ ఒక అధ్యాయమైంది. 1978లో అల్మా అటాలో ప్రపంచ దేశాలు "అందరికీ ఆరోగ్యం" అని ప్రకటన చేయడానికి దారి వేసిన ఉదాహరణల్లో అదొకటి. 1979లో ఆరోలేలకు మెగసెసే అవార్డు వచ్చింది. ముక్తాబాయి పోళ్ అనే గ్రామ ఆరోగ్య కార్యకర్త వాషింగ్టన్ వెళ్లి పెద్ద పెద్ద వైద్యుల సభలో మాట్లాడారు. మీరు ఈ హాల్లో వేలాడే ఖరీదైన దీపాల్లాంటివాళ్లు, మేం చేతి దీపాల్లాంటివాళ్లం, ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించుకుంటూ ఊరంతా తిరుగుతాం అని ఆమె చెప్పిన పోలిక ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, అక్షరం రాని దళిత స్త్రీ ఊరి ఆరోగ్యాన్ని మార్చగలదని జామ్‌ఖేడ్ రుజువు చేసింది. రెండు, ఆ స్త్రీలకు జీతం లేదు. చిన్న వ్యాపారాలకు అప్పులు, సాయం దొరికాయి, గౌరవం దొరికింది. పని మాత్రం సేవ.

సర్కారు ఎత్తుకుంది, ఏం వదిలేసింది?

చిన్న ప్రయోగం నెగ్గితే సర్కారు దాన్ని దేశమంతా చేయాలి. చిన్న గ్రాంటు లక్ష్యమే అది. 1977 అక్టోబరు 2న జనతా ప్రభుత్వం సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలుపెట్టింది. వెయ్యిమంది జనాభాకు ఒక మనిషి, మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. ఆరో తరగతి చదివి ఉండాలి.

ఆ ఆరో తరగతి దగ్గర ఆగి ఆలోచించండి. 1977లో మన వాడల్లో ఆరో తరగతి చదివిన ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు? జామ్‌ఖేడ్‌లో పని చేసి చూపించిన స్త్రీలలో చాలామంది ఈ పథకానికి దరఖాస్తు కూడా పెట్టుకోలేరు. ఊళ్లలో ఎంపికైనవాళ్లు ఎక్కువమంది మగవాళ్లు. సర్పంచి బంధువు, పార్టీ మనిషి, పలుకుబడి ఉన్న కులం కుర్రాడు. కాన్పు గదిలోకి మగవాడు వెళ్లలేడు. వెలివాడలోకి పెద్దకులం వాడు వెళ్లడు. పథకం పేరు మారింది, గ్రామ ఆరోగ్య మార్గదర్శి అన్నారు. తర్వాత ఎండిపోయింది.

ప్రయోగంలో అసలు మందు ఏమిటో సర్కారుకు అర్థం కాలేదు. లేదా అర్థమయ్యే వదిలేసింది. మాత్రల డబ్బా తీసుకుంది, మనిషిని మార్చింది. జామ్‌ఖేడ్‌లో మందు ఆ మనిషే.

పూసల లెక్క

మన సరిహద్దు దాటితే గడ్చిరోలి. కాళేశ్వరం దగ్గర నది దాటి సిరోంచ వైపు వెళ్తే ఇంకా తెలుగు వినిపిస్తుంది. ఆ జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్లు 1985లో సెర్చ్ అనే సంస్థ పెట్టారు. ఫౌండేషన్ల గ్రాంట్లతో ఒక్కో ప్రశ్నకు ఒక్కో అధ్యయనం చేశారు.

పిల్లలు న్యుమోనియాతో చనిపోతున్నారు. న్యుమోనియా గుర్తుపట్టాలంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తోందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకైతే అరవై, ఆ పైన ఏడాది లోపు బిడ్డకైతే యాభై దాటితే ప్రమాదం. లెక్కపెట్టాల్సిన మంత్రసానికి అరవై దాకా అంకెలు రావు. అందుకని ఒక చిన్న పరికరం తయారుచేశారు. పూసల వరస, పక్కన నిమిషం ఇసుక గడియారం. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా ఎర్ర పూస దాకా వస్తే న్యుమోనియా. అంతే. పది దాకా లెక్క వస్తే చాలు.

నేను మొదటిసారి ఆ పూసల సంగతి చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమెకు పది దాకా వచ్చు. ఆమె చదువుకోలేదు కాబట్టి పనికిరాదు అన్న మాటకు ఆ పూసలు జవాబు. లోపం ఆమెలో లేదు, ఆమె చేతికి తగిన పనిముట్టు ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత పురిటి బిడ్డల మీద పని చేశారు. 39 ఊళ్లలో ఊరి స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. 47 ఊళ్లను పోలిక కోసం మామూలుగా ఉంచారు. ఆ స్త్రీలు ఇంటికెళ్లి బిడ్డను వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం, బరువు తూచడం చేసేవాళ్లు. బిడ్డ ఒంట్లో చీము విషం పాకుతున్న లక్షణాలు కనిపిస్తే జెంటామైసిన్ ఇంజెక్షన్ కూడా ఇచ్చేవాళ్లు. డాక్టరు కాని మనిషి సూది ఎలా వేస్తుంది అని గొడవ. 1999 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. నెల లోపు బిడ్డల మరణాలు మూడో ఏటికి 62 శాతం తగ్గాయి.

2011లో కేంద్రం ఇంటి దగ్గరే నవజాత శిశు సంరక్షణ అని దాన్ని ఆశాలకు అప్పగించింది. ఆసుపత్రి కాన్పైతే ఆరుసార్లు, ఇంటి కాన్పైతే ఏడుసార్లు ఇంటికి వెళ్లి చూడాలి. 42 రోజుల పని మొత్తానికి 250 రూపాయలు. సూది మాత్రం ఆశా చేతికి రాలేదు. 2014లో జెంటామైసిన్ ఇవ్వడానికి ఏఎన్‌ఎంలకు, అదీ కొన్ని పరిస్థితుల్లోనే, అనుమతి ఇచ్చారు.

మళ్లీ అదే కథ. ప్రయోగంలో ఊరి స్త్రీ చేతిలో ఉన్న అధికారం పథకంలోకి వచ్చేసరికి పైకి జరిగింది. నడక మాత్రం ఆమెకే మిగిలింది.

పాడాకు ఒకరు, వెయ్యికి ఒకరు

2002లో కొత్త రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ పథకం మొదలైంది. మితానిన్ అంటే స్నేహితురాలు. జామ్‌ఖేడ్ లాంటి పాత ప్రయోగాల నుంచి స్వచ్ఛంద సంస్థలు నేర్చుకున్నవన్నీ దాని వెనకున్నాయి. దాని గొప్పతనం ఒక్క మాటలో చెబుతాను. ఊరికి ఒకరు కాదు, పాడాకు ఒకరు. అంటే మన భాషలో వాడకు ఒకరు, గూడేనికి ఒకరు. ఎవరి వాడ మనిషిని వాళ్లే ఎంచుకుంటారు. చదువు అడ్డం పెట్టలేదు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. మితానిన్ నుంచే ఆశా పుట్టింది. కానీ ఆశాకు లెక్క మారింది. వెయ్యి జనాభాకు ఒకరు. ఎనిమిదో తరగతి చదివి ఉంటే మంచిది అన్నారు, అది క్రమంగా గట్టి నిబంధనలా అమలైంది. వెయ్యిమంది ఊళ్లో వాడ రెండొందల మంది. ఆ వెయ్యికి ఒకరు ఏ వీధి నుంచి వస్తారు? చాలాచోట్ల మనవాళ్లే ఆశాలయ్యారు, ఎందుకంటే ఆ డబ్బుకి ఆ పని పైకులాల వాళ్లకు అక్కర్లేదు. అప్పుడు ఊళ్లో కొన్ని ఇళ్లు ఆమెను గడప దగ్గరే నిలబెడతాయి. వేరే కులం ఆమె ఆశా అయిన చోట ఆమె వాడ మొదట్లో నిలబడి కేకేసి వెళ్తుంది. రెండు వైపులా నష్టం బిడ్డకే.

ఇది నా కోపం మాత్రమే అనుకోకండి. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ 2005 నుంచి 2008 దాకా ఒక పరీక్ష చేసింది. డాక్టరు లేడు, కొత్త మందు లేదు. నెలకోసారి ఆడవాళ్ల సమావేశం. బొమ్మల కార్డులు, కథలు, ఆటలు. మన ఊళ్లో బాలింతలు, బిడ్డలు ఎందుకు చనిపోతున్నారు, మనం ఏం చేయగలం అని వాళ్లే మాట్లాడుకుని, వాళ్లే తీర్మానించుకోవడం. నడిపించేది ఆ ఊరి స్త్రీయే. ఎక్కువమంది ఆదివాసులు. 2010లో ఫలితం వచ్చింది. మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువ. తర్వాత ఆ లెక్కనే ఇంకోసారి విప్పి చూస్తే, అందరికన్నా అట్టడుగున ఉన్నవాళ్లలో మరణాలు 59 శాతం తగ్గాయి, వాళ్లకన్నా కాస్త మెరుగ్గా ఉన్నవాళ్లలో 36 శాతం తగ్గాయి.

విద్యార్థి మిత్రులారా, ఈ రెండు అంకెలు నోట్ చేసుకోండి. మామూలుగా ఏ పథకం వచ్చినా ముందు పైవాళ్లకు చేరి, మిగిలితే కిందికి వస్తుంది. ఇక్కడ కిందివాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ఎందుకంటే వాళ్లు లబ్ధిదారులుగా కూర్చోలేదు, తీర్మానించేవాళ్లుగా కూర్చున్నారు.

మాకూ ఒక చిన్న గ్రాంటు వచ్చింది

ఇప్పుడు మా సంగతి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

మా వాడలో ఒకే ఏడు ఇద్దరు బాలింతలు చనిపోయారు. ఇద్దరికీ బీపీ. ఇద్దరినీ ఆలస్యంగా తీసుకెళ్లాం. మేం నలుగురైదుగురు కుర్రాళ్లం, మా పెద్దమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఒక ఆలోచన చేశాం. నాలుగు వాడలకు నాలుగు బీపీ మిషన్లు. ప్రతి గర్భిణిని వారానికోసారి చూసి రాసుకోవాలి. రాత్రి ఆటోకు ఒక నిధి, ఎవర్నీ అడగకుండా ఆ ఆడవాళ్లే తీసి ఖర్చుపెట్టొచ్చు. అంతే. రాకెట్ సైన్సు కాదు.

డబ్బు కోసం తిరిగాం. అప్పుడు తెలిసింది "చిన్న గ్రాంటు" ఎంత పెద్దదో. 2008లో గేట్స్ ఫౌండేషన్ కొత్త ఆలోచనలకు రెండు పేజీల దరఖాస్తు చాలు, ముందస్తు ఫలితాలు అక్కర్లేదు అని గ్రాంట్లు మొదలుపెట్టింది. మంచి పద్ధతే. ఒక్కో గ్రాంటు లక్ష డాలర్లు, అప్పటి లెక్కన నలభై లక్షల పైమాటే. మాకు కావాల్సింది లక్షా ఎనభై వేలు. మాలాంటివాళ్లను చూసే కిటికీ ఎక్కడా లేదు. మూడేళ్ల ఆడిట్ ఏది, పన్ను మినహాయింపు పత్రం ఏది, ఇంగ్లీషులో కాన్సెప్ట్ నోట్ ఏది? మా పెద్దమ్మ ఒక్కటే అడిగింది: "ఒరే, మనం చచ్చిపోతున్నామని చెప్పడానికి కూడా ఇంగ్లీషు కావాలా?"

చివరికి 2018లో ఒక పెద్ద సంస్థ తనకు బయటి దేశం నుంచి వచ్చిన నిధిలో కొంత మాకు పంచింది. పని మొదలైంది. మా పెద్దమ్మకు మిషన్ మీద అంకె చదవడం రాదు. పై అంకె ఒకటి, నాలుగుతో మొదలైతే పరిగెత్తాలి అని ఆ రెండు అంకెల బొమ్మ నేర్పించాం. ఆమె నేర్చుకుంది. నేను మర్చిపోలేనిది ఏమిటంటే, ఆమె మిషన్ లేకుండానే సగం కనిపెట్టేది. "ఆ పిల్ల కాళ్లు చూడు, పట్టీలు బిగుసుకుపోయినయ్" అనేది. అది మా అమ్మమ్మ నుంచి వచ్చిన చదువు. ఆ రెండేళ్లలో మా నాలుగు వాడల్లో బాలింత చావు లేదు. ఇది రుజువు అనను. నాలుగు వాడలు, రెండేళ్లు, ఏ శాస్త్రానికీ చాలని లెక్క. కానీ మాకు చాలు.

తప్పులు మావీ ఉన్నాయి. రాసుకోవడంలో వెనకబడ్డాం. ఆటో నిధి లెక్కలో ఒకసారి మా కుర్రాడే చేతివాటం చూపించాడు, దాన్ని మేం నాలుగు నెలలు దాచాం. దాచకుండా ఉండాల్సింది.

ఆ పెద్ద సంస్థ ఏడాది నివేదిక వచ్చింది. మెరిసే కాగితం. అందులో మా పెద్దమ్మ ఫొటో, చేతిలో బీపీ మిషన్. కింద ఏం రాశారో తెలుసా? "ఒక లబ్ధిదారు." పని చేసింది ఆమె. ఆలోచనలో సగం ఆమెది. లబ్ధి పొందింది ఎవరు?

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టానికి సవరణ వచ్చింది. విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు పంచకూడదు. ఆఫీసు ఖర్చు 50 శాతం దాకా ఉండొచ్చన్నది 20 శాతానికి దించారు. ఖాతా ఢిల్లీలో ఒకే బ్యాంకు బ్రాంచిలో తెరవాలి. సొంతంగా రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. 2022లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణలను సమర్థించింది. పెద్ద సంస్థలు ఇబ్బంది పడ్డాయి. మాలాంటి చిన్నవి ఒక్క సంతకంతో పోయాయి. కంపెనీల సామాజిక బాధ్యత నిధి ఉంది కదా అంటారు. దానికీ రిజిస్ట్రేషన్, పన్ను పత్రాలు, మూడేళ్ల అనుభవం కావాలి. వాడకు మూడు వేల ఏళ్ల అనుభవం ఉంది, దానికి సర్టిఫికెట్ లేదు.

ఇంతకీ ఏం అడగాలి?

కొందరు మిత్రులు అంటారు, గ్రాంట్లు అన్నీ మోసం, ఎన్జీవోలు ఉద్యమాన్ని చల్లబరుస్తాయి అని. ఆ విమర్శలో నిజం ఉంది. కానీ జామ్‌ఖేడ్ లేకపోతే, గడ్చిరోలి లేకపోతే, అక్షరం రాని స్త్రీ బిడ్డను బతికించగలదని మనం ఏ ఆధారంతో వాదిస్తాం? సర్కారు ఏ కొత్త పనీ తనంతట తాను పరీక్షించదు, తప్పు జరిగితే తలనొప్పి కాబట్టి. చిన్న డబ్బుతో, చిన్న చోట, తప్పు చేసే స్వేచ్ఛతో చేసి చూసేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. నా గొడవ ఆ స్వేచ్ఛ మనకెందుకు లేదని. తప్పు చేసి నేర్చుకునే హక్కు కూడా కులాన్ని బట్టే ఉంది.

ఇంకో వైపు, పరీక్ష నెగ్గాక దాని ఖర్చు ఎవరిది? 1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి సాయం బిల్లు మీద బాబాసాహెబ్ మాట్లాడారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశ ప్రయోజనం కాబట్టి ఆ భారం చాలావరకు ప్రభుత్వమే మోయాలని వాదించారు. దయ అనలేదు, సేవ అనలేదు. ఆ వాదనను ఇక్కడికి తెచ్చుకుందాం. ఈరోజు దేశంలో పది లక్షలమంది ఆశాలున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు అవార్డు ఇచ్చింది. కానీ కాగితం మీద వాళ్లు ఇప్పటికీ వలంటీర్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పది వేలు అయ్యింది, అదీ గౌరవ వేతనమే. తెలంగాణలో 18 వేలు స్థిర వేతనం కావాలని రోడ్డెక్కారు. చేటలో బియ్యం, పాత చీర, గౌరవ వేతనం. పేరు మారింది, లెక్క మారలేదు.

కాబట్టి నా వైపు నుంచి నాలుగు మాటలు. గ్రాంటు ఇచ్చేవాళ్లు వాడ సంఘాలు తెలుగులో అడిగినా వినాలి. ప్రయోగంలో పనిచేసిన స్త్రీల పేర్లు నివేదికలో పేర్లుగానే ఉండాలి. ప్రయోగం నెగ్గితే ఆ పని జీతమున్న ఉద్యోగం కావాలి, ముందు హక్కు ఆ స్త్రీలకే ఉండాలి. ఆరోగ్య కార్యకర్తను వెయ్యికి ఒకరు అని కాదు, వాడకు ఒకరు అని లెక్కగట్టాలి.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ వాడలో మంత్రసాని ఎవరో కనుక్కోండి. బతికి ఉంటే వెళ్లి కూర్చోండి. ఎన్ని కాన్పులు చేశావు, ఎప్పుడు భయపడ్డావు, ఎవరు కూలి ఎగ్గొట్టారు, ఎక్కడ పేడనీళ్లు చల్లారు, అన్నీ అడిగి రాయండి. ఆమె చేసే పనిలో తప్పేదో ఒప్పేదో కూడా రాయండి, పొగడక్కర్లేదు. మనం రాసుకోకపోతే ఆ చదువు ఆమెతోనే పోతుంది. రేపు ఎవరో వచ్చి దాన్నే కొత్త ఆలోచన అని మనకు నేర్పుతారు.

ఆ నర్సింగ్ విద్యార్థినికి నా జవాబు ఇదమ్మా. వైద్యం చరిత్రలో మనం రోగులుగా ఉన్నాం, నిజమే. వైద్యులుగా కూడా ఉన్నాం. మన పేరు పక్కన ఆ మాట రాయలేదంతే.

మా పెద్దమ్మ బీపీ మిషన్ ఇంకా పనిచేస్తోంది. గ్రాంటు ఆగిపోయి ఏళ్లైంది. సెల్స్ అయిపోయినప్పుడల్లా నాకు ఫోన్ చేస్తుంది. పోయిన ఆదివారం కూడా చేసింది. "ఒరే, నాలుగు సెల్స్ పట్టుకురా. రోశమ్మ కోడలికి ఏడో నెల. కాళ్లు వాచినయ్."

తీసుకెళ్లాను. పై అంకె ఒకటి, నాలుగుతో మొదలైంది. ఆ రాత్రే ఒంగోలు వెళ్లాం. పిల్ల బాగానే ఉంది, ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

వచ్చే భాగంలో కుష్ఠు ఆసుపత్రులు, వాటి గోడల లోపలి కులం గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.